అతుకుల బొంతలో ఇంత కథ ఉందా!

మస్కట్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక విచిత్రం గమనించారా? బయట 45 డిగ్రీల ఎండ మండిపోతుంటుంది. లోపల మనం ఏసీ 18లో పెట్టుకుని, మెడదాకా కంఫర్టర్ కప్పుకుని పడుకుంటాం! ఎండ దేశానికి వచ్చి దుప్పట్లు కొనుక్కునే జాతి మనదేనేమో.

మా ఇంట్లో కంఫర్టర్‌తో పాటు ఒక బొంత కూడా ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి మస్కట్ బయల్దేరుతుంటే మా అమ్మ దాన్ని మడతపెట్టి సూట్‌కేసులో అడుగున పెట్టేసింది. మావారు తూకం చూసి, "30 కేజీల్లో 3 కేజీలు పాత చీరలకా?" అన్నారు. చివరికి 2 కేజీల కందిపొడి, ఒక కేజీ అప్పడాలు బయటికొచ్చాయి, బొంత మాత్రం లోపలే ఉండిపోయింది. అప్పట్లో నాకూ కందిపొడి గురించే బాధ కలిగింది. ఆ బొంత విలువ తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది తెలిసింది కూడా దాన్ని పాడుచేశాకే!

వాషింగ్ మెషీన్ చేసిన మేలు

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం, తీరిగ్గా ఉన్నాను కదా అని బొంతని వాషింగ్ మెషీన్లో పడేశాను. బయటికి తీసేసరికి గుండె జారిపోయింది. మధ్యలో జానెడు మేర పైపొర చిరిగిపోయింది, కుట్లు ఊడిపోయాయి. నీళ్ళు పీల్చిన అన్ని పొరల బరువు మెషీన్ తిప్పుడికి పాత నూలు తట్టుకోలేదు. తప్పు పూర్తిగా నాదే.

బాల్కనీలో ఆరేస్తే మస్కట్ మున్సిపాలిటీ ఊరుకోదు కదా! డాబా మీదకి తీసుకెళ్ళి నీడలో పరిచాను. అప్పుడు చూశాను... చిరుగులోంచి ఇంకో బొంత కనిపిస్తోంది. ఇంకా పాతది, ఇంకా వెలిసిపోయింది, సన్నని చుక్కల కుట్టుతో ఉంది. అమ్మకి ఫోన్ చేశాను.

"అదా? అది మీ అమ్మమ్మ బొంతే అమ్మడూ. అరిగిపోయింది. పారెయ్యబుద్ధి కాలేదు. లోపల పెట్టి నా చీరలు పైన వేసి కుట్టేశాను" అంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వు అడిగావా?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మకి ఇప్పుడు చూపు ఆనక సూదిలో దారం ఎక్కదు. ఈ చిరుగు కుట్టాలంటే నేనే నేర్చుకోవాలి. నేను నేర్చుకోకపోతే ఇంక మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ వ్యాసం అలా మొదలైంది.

ఇంతలో డాబా మీదకి మా పక్క ఫ్లాటులో ఉండే బలూచీ కుటుంబం వాళ్ళ పెద్దావిడ వచ్చారు. ఆవిడ ఒమనీ అయినా హిందీ బాగా మాట్లాడతారు. బొంతని చూసి, వంగి, కుట్టు మీద వేలు రాసి, "యే తో రల్లీ హై!" అన్నారు, చిన్నప్పటి స్నేహితురాలు కనిపించినంత సంబరంగా.

బొంతకి చుట్టాలెందరో

రల్లీ అంటే సింధు, బలూచిస్తాన్ ప్రాంతాల బొంత. కలపడం అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. రంగురంగుల గుడ్డలని చతురస్రాలుగా, త్రికోణాలుగా కత్తిరించి అతుకుతారు. కొన్నిటిలో ఒక గుడ్డని మడిచి కత్తెరతో పువ్వులాగా కత్తిరించి ఇంకో గుడ్డ మీద కుడతారు. కింద పాత బట్టల పొరలు పెట్టి, మొత్తం మీద వరసగా తిన్నని కుట్లు వేస్తారు.

ఒమన్‌లో రల్లీ పేరు వినపడటంలో ఆశ్చర్యం లేదు. బలూచిస్తాన్ తీరంలోని గ్వాదర్ రేవు 18వ శతాబ్దం చివరినుంచి 1958 దాకా మస్కట్ సుల్తానుల ఏలుబడిలోనే ఉంది. 1958లో పాకిస్తాన్ దాన్ని కొనుక్కుంది. ఒమన్‌లో బలూచీలు తరతరాలుగా ఉన్నారు. మత్రా సూక్ పక్కన కోటగోడల మధ్య ఉండే లవాతీల పేట కూడా మీరు చూసే ఉంటారు. వాళ్ళ పూర్వీకులకీ సింధుతో సంబంధం ఉంది. మనుషులు వచ్చినప్పుడు వాళ్ళ పక్కబట్టలూ వస్తాయి కదా.

ఇక మన వైపు చూస్తే, సంస్కృతంలో దీన్ని 'కంథ' అన్నారు. బెంగాల్లో అదే మాట 'కాంథా' అయింది. కన్నడంలో కౌది, మరాఠీలో గోధడీ, బీహారులో సుజని, మనకి బొంత. 'గంతకు తగ్గ బొంత' అని సామెత కూడా చెప్పుకున్నాం. గంగిరెద్దు వీపు మీద రంగురంగుల బొంత లేకపోతే సంక్రాంతికి కళే లేదు. కాకపోతే ఈమధ్య పేపర్లవాళ్ళు సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టాలంటే 'అతుకుల బొంత' అంటారు. బొంత కుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనరు. బాగా కుట్టిన బొంత 40 ఏళ్ళు ఉంటుంది. ఏ ప్రభుత్వం ఉంది చెప్పండి?

ఇంకో చుట్టం గురించి తప్పక చెప్పాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో, హళియాళ, యల్లాపుర ప్రాంతాల్లో సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా తూర్పు తీరం వాళ్ళు. పోర్చుగీసువాళ్ళు, అరబ్ వ్యాపారులు బానిసలుగా ఈ అరేబియా సముద్రం దాటించి తెచ్చినవాళ్ళు అందులో ఎందరో. ఆ సిద్దీ స్త్రీలు కుట్టే బొంతని 'కవంది' అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ముక్కా పెట్టి కుట్టుకుంటూ, చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. చివర నాలుగు మూలలా 'ఫూల' అని చిన్న ముక్కలు కుడతారు. పువ్వు అని అర్థం. ఆ పువ్వులు లేకపోతే బొంత బట్ట కట్టుకోనట్టే అని వాళ్ళ భావన. అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనుషులు చిరుగు గుడ్డకి పువ్వు పెట్టకుండా వదల్లేదు చూశారా!

అసలు ఎప్పటిది ఈ విద్య?

రెండు పొరల మధ్య మెత్తటిది ఏదైనా పెట్టి, మూడింటినీ కలిపి కుట్టడం. ఇంతే సూత్రం. కుట్టు అందం కోసం కాదు, లోపలిది ఒక మూలకి జారిపోకుండా పట్టి ఉంచడం కోసం. అందం తర్వాత వచ్చింది. పొరల మధ్య గాలి చిక్కుకుంటుంది, అదే చలిని ఆపుతుంది. సైనికులు కూడా కవచం కింద ఇలాంటి కుట్టుబట్టలే వేసుకునేవారు.

గుడ్డ త్వరగా పాడైపోతుంది కాబట్టి పాత బొంతలు దొరకడం అరుదు. యూరప్‌లో మిగిలిన చాలా పాతవాటిలో ప్రసిద్ధమైనది ట్రిస్టన్ క్విల్ట్. 14వ శతాబ్దం రెండో సగంలో సిసిలీలో కుట్టారు. ట్రిస్టన్ అనే వీరుడి కథని బొమ్మలుగా ఉబ్బెత్తుగా కుట్టారు. దాని భాగాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లోనూ ఉన్నాయి.

ఇక మన దేశపు బొంతలు విదేశాలకి వెళ్ళిన కథ మస్కట్‌లో కూర్చుని చదవాల్సిందే. 1507లో పోర్చుగీసువాళ్ళు మస్కట్‌ని పట్టుకున్నారు. 1650లో ఒమనీలు వాళ్ళని తరిమేశారు. పాత మస్కట్‌లో జలాలీ, మిరానీ కోటలు ఆ కాలానికి గుర్తులు. సరిగ్గా ఆ రోజుల్లోనే పోర్చుగీసువాళ్ళు బెంగాల్లో తమకోసం ప్రత్యేకంగా బొంతలు కుట్టించుకునేవారు. తెల్లని నూలుగుడ్డ మీద పసుపుపచ్చని టస్సర్ పట్టుదారంతో ఓడలు, వేట దృశ్యాలు, బైబిల్ కథలు, గ్రీకు పురాణాలు అన్నీ కుట్టించారు. గ్రీకు వీరుడి పేరైనా వినని బెంగాలీ చేతులు ఆ వీరుణ్ణి కుట్టాయి! ఇవి ఇప్పుడు లిస్బన్, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి.

మన బందరు గుడ్డ, వాళ్ళ క్విల్టు

సరే, మన తెలుగువాళ్ళ వాటా ఏమిటి? చాలా పెద్దదే!

మచిలీపట్నం, అంటే మన బందరు, 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చివాళ్ళు 1600ల మొదట్లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దిగారు. ముఖ్యంగా వాళ్ళకి కావాల్సింది అద్దకపు గుడ్డ. ఆ గుడ్డ వాళ్ళకంటే ముందునుంచే పర్షియాకి పోయేది. బందరు ఓడలు బందర్ అబ్బాస్‌కి వెళ్ళేవి. ముసందం వెళ్ళి ఖసబ్‌లో ధౌ పడవ ఎక్కినవాళ్ళకి తెలుసు, ఆ జలసంధికి ఇటు ఒమన్, అటు ఇరాన్. అంటే మా అమ్మమ్మ ఊరి దగ్గరి గుడ్డ నాకంటే 400 ఏళ్ళ ముందే ఈ నీళ్ళమీదుగా వచ్చిందన్నమాట! కలంకారీ అన్న మాట కూడా పర్షియన్ భాషదే.

ఆ గుడ్డలో గొప్ప ఏమిటంటే రంగు పోకపోవడం. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి గుడ్డకి పట్టించడం, ఇనుప ముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నీళ్ళతో నల్లగీతలు గీయడం, పటికతో గీసి చిరివేరుతో ఉడకబెట్టి ఎరుపు తేవడం, ఇవన్నీ మనవాళ్ళకి తరాలుగా తెలుసు. కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపుకి సాటి లేదని అప్పటి విదేశీ వర్తకులు రాసుకున్నారు. అప్పటి యూరప్‌లో నూలుగుడ్డ మీద, ఉతికినా పోని ఇలాంటి బొమ్మలు అద్దడం ఎవరికీ చేతకాదు.

కోరమాండల్ తీరంలో తయారైన పెద్ద పలకల్ని వాళ్ళు 'పాలంపోర్' అన్నారు. పలంగ్ అంటే మంచం, పోష్ అంటే కప్పేది. మంచం దుప్పటి అన్నమాట! మధ్యలో గుట్టమీద మెలికలు తిరిగిన చెట్టు, దాని నిండా లోకంలో లేని పూలు. కొన్నిటిని పొరలు పెట్టి బొంతలుగా కుట్టి వాడుకునేవారు.

ఈ గుడ్డ మోజు ఎంత ముదిరిందంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళ పొట్ట కొడుతోందని ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఇంగ్లండు 1721లో చట్టం చేసి, అద్దకపు నూలుగుడ్డని ఒంటిమీద వేసుకోవడమే కాదు, ఇంట్లో పక్కబట్టలకి వాడటం కూడా నేరమంది. ఆ చట్టం 1774 దాకా ఉంది. అంత ప్రియమైన గుడ్డ చిరిగినా పారేస్తారా? బాగున్న పువ్వుని, పిట్టని జాగ్రత్తగా కత్తిరించి, తెల్లగుడ్డ మీద పెట్టి కుట్టుకున్నారు. చింట్జ్ పువ్వులతో కుట్టిన ఆ రకం క్విల్టులు 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ సంపన్నుల ఇళ్ళకి అలంకారం. చింట్జ్ అంటే ఏమిటో కాదు, మన చీటిగుడ్డే! ఈసారి అమెరికాలో మ్యూజియంకి వెళ్ళి పాత క్విల్టు చూసినప్పుడు, మధ్యలో ఎర్రని పువ్వు కనపడితే కాస్త ఆగి చూడండి. అది మన తీరం పువ్వు కావచ్చు.

అన్నట్టు, క్విల్టులు ధనవంతుల సొత్తు మాత్రమే కాదు. అమెరికాలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. ఒకప్పుడు బానిసలుగా పత్తి పండించిన నల్లవారి సంతతి అక్కడివాళ్ళు. చిరిగిన పని ప్యాంట్లు, పిండి సంచులతో ఆ ఊరి స్త్రీలు చలికి కుట్టుకున్న బొంతలని 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకి వేలాడదీస్తే, విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చారు. 2006లో వాటితో అమెరికా తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. మన పల్లెల్లో అరుగుల మీద కూర్చుని కుట్టినవాళ్ళ బొంతలకి అలాంటి గోడ దొరకలేదు. వాటిని మనం పాతబట్టలవాడికి వేసి స్టీలు గిన్నెలు తీసుకున్నాం!

మీ బొంత వయసెంత?

సాధారణంగా 100 ఏళ్ళు దాటిన వస్తువునే యాంటిక్ అంటారు. బొంత వయసు తేల్చడానికి ఒక తేలిక సూత్రం ఉంది. అందులో అన్నిటికంటే కొత్త ముక్క ఏదో చూడాలి. బొంత దానికంటే పాతది కాలేదు కదా! మొదటి కృత్రిమ రంగు 1856లో ఇంగ్లండులో పుట్టింది. చిరివేరు ఎరుపుని దెబ్బకొట్టిన కృత్రిమ ఎరుపు 1869లోనూ, కృత్రిమ నీలిమందు 1897లోనూ మార్కెట్ దారి పట్టాయి. పాలియెస్టర్ 1941కి ముందు లేదు. కాబట్టి పాలియెస్టర్ ముక్క ఉన్న బొంతని "మా ముత్తవ్వ పెళ్ళినాటిది" అని ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

దీనికి తిరకాసు కూడా ఉంది. ముక్కలు బొంత కంటే చాలా పాతవి అయి ఉండొచ్చు. మా ఇంట్లోలాగా పాత బొంతే కొత్త బొంత కడుపులో ఉండొచ్చు. ప్రపంచమంతటా ఇది మామూలే. ఇంకో గుర్తు, పాత అద్దకంలో నల్లగీతలున్న చోటే గుడ్డ తినేసినట్టు చిరుగుతుంది. ఇనుము నూలుని మెల్లగా కొరికేస్తుంది.

ఒక హెచ్చరిక. నిజంగానే 100 ఏళ్ళు దాటిన కళావస్తువులని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 నాటి భారతదేశపు చట్టం ఉంది. అనుమానం ఉంటే సూట్‌కేసులో పెట్టేముందు పురావస్తుశాఖ వాళ్ళని అడగడం మంచిది. అమ్మ చీరల బొంతకి ఆ ఇబ్బంది లేదు!

కుట్టడం ఎలా?

అమ్మ ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మెత్తబడిన నూలు చీరలే తీసుకోవాలి. సింథటిక్ చీర చెమట పీల్చదు, పొరలు జారిపోతాయి. చీరని పొడుగున మూడు మడతలు వేస్తే సుమారు 6 అడుగుల పొడుగు, 4 అడుగుల కంటే కొంచెం తక్కువ వెడల్పు వస్తుంది. అలాంటివి రెండు చీరలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆరు పొరలు. ఒక మనిషి బొంతకి అది చాలు. పైన వేసే చీర మాత్రం కాస్త గట్టిగా ఉన్నది ఎంచుకోవాలి.

నేలమీద పరిచి, ముడతల్లేకుండా చేత్తో మధ్యనుంచి అంచులకి తోసి, మూలల మీద బరువులు పెట్టాలి. ముందు చుట్టూ, తర్వాత అడుగుకో వరస చొప్పున పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. ఇవి తర్వాత తీసేసేవే. అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టాలి. అంచులు లోపలికి మడిచి, చుట్టూ వరసలు వేసుకుంటూ మధ్యకి రావాలి. వరసకీ వరసకీ రెండు వేళ్ళ దూరం. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. దబ్బనం లావుగా ఉంటే పాత గుడ్డకి కన్నాలు పడతాయి, సన్నదైతే ఆరు పొరల్లో దిగదు. దారం మరీ గట్టిగా లాగకూడదు. లాగితే బొంత ముడుచుకుంటుంది.

"ముందు భయపడకు అమ్మడూ. వంకర పోతే పోనీ. కప్పుకున్నాక వంకరెవరు చూస్తారు?" అంది అమ్మ.

చిరుగుకి అతుకు వెయ్యడానికి నాకు నాలుగు శుక్రవారాలు పట్టింది. లోపల అమ్మమ్మ బొంతని తియ్యలేదు, మీద గుడ్డ కప్పి కుట్టేశాను. ఆ నాలుగు వారాల్లో నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. కంప్యూటర్ ముందు రోజంతా కూర్చున్నా ఏ పని పూర్తయిందో తెలియని ఉద్యోగం నాది. ఇక్కడ మాత్రం గంట కుడితే గంట పని కంటికి కనపడుతుంది. తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. చేతికి పని ఉంటే నోరు కూడా తేలిక పడుతుంది. ఆ నాలుగు వారాల్లో అమ్మతో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు నాలుగేళ్ళలో మాట్లాడలేదు. ప్రతి ముక్కకీ ఒక కథ చెప్పింది. ఏ చీర ఎవరి పెళ్ళికి కొన్నదో, ఏ తాతయ్య పంచె చింపిందో, అన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

దాచుకోవడం ఎలా?

వాషింగ్ మెషీన్ వద్దే వద్దు, నా అనుభవం చాలు. బాగా పాతదైతే ఉతకకపోవడమే మేలు. నీడలో గాలికి పెట్టండి. నేరుగా ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, నూలు పెళుసవుతుంది. పాలిథిన్ కవర్లో కట్టెయ్యకండి, సముద్రపు గాలి ఉన్న మస్కట్‌లో లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రంగులేని పాత తెల్లపంచెలో చుట్టి పెట్టండి. ఎప్పుడూ ఒకే మడతమీద ఉంచకండి, నాలుగు నెలలకోసారి మడత మార్చండి. చుట్టగలిగితే ఇంకా మంచిది.

అలాగని అన్నిటినీ బీరువాలోనే పెట్టకండి. బొంత కప్పుకోవడానికే పుట్టింది. మొన్న చలికాలం జెబెల్ షమ్స్ మీద టెంటు వేసుకుని ఉన్నాం. సుమారు 2,000 మీటర్ల ఎత్తు, రాత్రి చలి వణికించేసింది. కంఫర్టర్లు కారులోనే ఉన్నా మా పిల్లలిద్దరూ బొంత కోసమే కొట్టుకున్నారు. మూడు తరాల చీరల కింద, అడ్డదిడ్డంగా నేను కుట్టిన అతుకు కింద, ఇద్దరూ ముడుచుకుని పడుకున్నారు.

ఈసారి సెలవలకి ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీద, ట్రంకు పెట్టె అడుగున ఒకసారి చూడండి. బొంత దొరికితే దాన్ని కుట్టినవాళ్ళు ఉండగానే అడగండి, ఈ ముక్క ఎవరిది అని. మీరు అడిగేదాకా వాళ్ళు చెప్పరు. సూట్‌కేసులో చోటు లేకపోతే, ఒక కేజీ కందిపొడి తీసేయండి. అది ఇప్పుడు రూవీలో కూడా దొరుకుతుంది!